పదకొండు చుట్లు

"అంబమ్మకు కండ్లు కనవడయి, ఆమె కొడితే మోసముండది" అంటూ అంధుల సేవా సంస్థ వార్షికోత్సవంలో కుర్చీలాటకు స్టీలు పళ్లెం, గంటె ఆమె చేతికిచ్చారు. పళ్లెం మోగినంతసేపూ తిరగాలి, ఆగగానే కూర్చోవాలి.

చివరికి ఒకే కుర్చీ మిగిలింది. దాని చుట్టూ సంస్థ పెద్ద దయానంద్ సార్, వంటమనిషి ప్రేమల.

సార్ చెప్పుల కిర్రు అంబమ్మకు బాగా గుర్తు. బస్సు పాసు కాగితం మీద ఒక్క సంతకం కోసం తన ఊరు చిమ్కోడ్ నుంచి పదకొండుసార్లు వచ్చింది. ప్రతిసారీ ఆ కిర్రు ఆమె దాకా వచ్చి, "రేపు రామ్మా" అని సాగిపోయేది.

ఇప్పుడా కిర్రు ఆమె ముందే తిరుగుతోంది. ఒకటి, రెండు, మూడు... అంబమ్మ కొడుతూనే మనసులో చుట్లు లెక్కపెడుతూ పోయింది. పళ్లెం ఆగలేదు. ఆరో చుట్టుకు జనం నవ్వారు. తొమ్మిదో చుట్టుకు సార్ ఆయాసం వినబడింది. ఆగితే ఓడినట్టే!

"ఇగ ఆపమ్మా, కాళ్లు గుంజుతున్నయి!"

"నాయి గూడ గట్లనే గుంజినయి సారూ. పదకొండుసార్లు తిప్పిన్రు గదా, ఇంక రెండే ఉన్నయి."

"కొట్టు పెద్దమ్మా, ఆపకు!" అంది ప్రేమల, తానూ తిరుగుతూనే.

పదకొండో చుట్టు అయింది. ఇక చాలనుకుని, ఆఖరి దెబ్బకు అంబమ్మ గంటె పైకెత్తింది.

"ఓహో, పాసు అంబమ్మవా! యాదికొచ్చింది," అన్నాడు సార్ రొప్పుతూ. "రేపు రా తల్లీ, పక్కా పెడ్త సంతకం."

పైకెత్తిన గంటె పళ్లెం మీద ఠంగుమంది.

"ఒకటి," అంది అంబమ్మ.