మందు చుట్టూ ఖాళీ

ఎంఫాత్సో బొగ్గుల ఇస్త్రీపెట్టెతో కూతురి గౌన్లు రుద్దుతోంది. బయట ఆరేసిన బట్టల మీద ఈగలు గుడ్లు పెడతాయి. కుట్ల వెంట వేడి తగలకపోతే పురుగు ఒంట్లో దూరుతుంది. జోంబా కొండ మీంచి దిగిన మబ్బుకు గౌన్లు ఇంకా చెమ్మగానే ఉన్నాయి.

ఆ కూతురు, రెండేళ్ళ తియామికే, ఆస్పత్రిలో ఉంది. రక్తంలో క్రిమి చేరింది. పక్కన అమ్మమ్మ కాపలా.

ఎంఫాత్సో పనిచేసేది ఆ ఆస్పత్రి ల్యాబులోనే. ఏ మందుకు ఏ క్రిమి చస్తుందో తేల్చే పని. క్రిమిని పళ్ళెంలో పరిచి, పైన మందు తడిపిన కాగితం బిళ్ళలు పెడతారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిమి మొలవదు, ఖాళీగా ఉంటుంది. ఇదివరకు ఆ ఖాళీ కనబడేసరికి మర్నాడయ్యేది. ఈలోగా ఎన్నో మంచాల మీద పిల్లలు పోయేవారు. ఆమె పెద్దకొడుకూ అలాగే పోయాడు. ఆ తర్వాతే ఆమె పట్టుబట్టింది. పొద్దున పెట్టిన పళ్ళేన్ని మధ్యాహ్నానికే చూడొచ్చని, అయినా ఫలితం తప్పు కాదని, తోటివాళ్ళతో కలిసి తేల్చింది.

ఈ వేకువన కూతురి పళ్ళెం తనే పెట్టింది. చూడటానికి మాత్రం ల్యాబు పెద్దాయన ఒప్పుకోలేదు. తల్లి కన్ను ఉన్నది ఉన్నట్టు చూడదని ఇంటికి పంపేశాడు. పాపకు మార్చే గౌన్లయినా తెద్దామని వచ్చింది.

ఆమెకు ఆశ లేదు. ఈమధ్య వచ్చిన పిల్లల పళ్ళేలన్నీ బిళ్ళల అంచుదాకా మొలిచినవే.

మధ్యాహ్నం కావస్తుండగా గుమ్మంలో సైకిలు ఆగింది. దూరపు ఊళ్ళో ఉండే మేనమామ వైసన్ లోపలికొచ్చి చాప మీద కూలబడ్డాడు. తొక్కి తొక్కి అలిసిపోయాడనుకుంది.

"జావ తాగుతావా మామా?"

"నీ జావా? క్రిముల్ని పెంచే చెయ్యి నీది. వద్దులే తల్లీ."

ఎప్పటి ఎకసెక్కమే. మాటలో కారం మాత్రం తగ్గింది.

ఆస్పత్రి మీదుగా వచ్చావా అనడిగింది. మీ అమ్మ దగ్గర కాసేపు కూచున్నానన్నాడు. ఆ తర్వాత పళ్ళెం సంగతి అడిగాడు. ఎన్నడూ అడగని మనిషి. ఆమె ఇస్త్రీ ఆపకుండానే అంతా చెప్పుకొచ్చింది. ఆయన అడ్డురాలేదు. మధ్యమధ్య ఏదో అనబోయి చాప అంచు సర్దాడు.

"ఏ మందూ పనిచెయ్యదని తేలితే, ఇవాళ నువ్వు నా పక్కనే ఉండాలి మామా."

"ఉంటాను పిల్లా. అందుకే వచ్చాను."

ఫోను మోగింది. ల్యాబు పెద్దాయన. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వింది. విని, మామ చెయ్యి పట్టుకుంది.

"ఖాళీ ఉందంట మామా. ఒక్క మందు చుట్టూ. వేలు పట్టేంత. ఆ మందు మా ఆస్పత్రిలోనే ఉంది, ఇప్పుడే ఎక్కించెయ్యొచ్చు. సాయంత్రానికి జ్వరం దిగుతుంది. చూశావా, రేపటిదాకా ఆగే పని లేకపోయింది."

పొద్దు పొడిచే వేళకే తియామికే కన్నుమూసిందన్న కబురు, వంశాచారం ప్రకారం మేనమామ నోటినుంచే తల్లి వినాలని ఆస్పత్రిలో కాపలా ఉన్న తన అక్క పంపగా వచ్చిన ఆ ముసలాయన, అది చెప్పకుండానే లేచి ఇల్లు దాటి వెళ్ళిపోయాడు.