కిటికీ పక్క చివరి బెంచీ

కొత్త సిలబస్ శిక్షణ కోసం టీచర్లంతా పిల్లల బెంచీల్లో కూర్చున్నారు. లెక్కల మాస్టారికి కిటికీ పక్కన చివరి బెంచీ వచ్చింది.

"బోర్డు మీదున్నది చదవండి మాస్టారూ," అంది హెడ్మిస్ట్రెస్.

"ముందు మీరు రాయండి మేడమ్."

"రాసి ఐదు నిమిషాలైంది."

అందరూ నవ్వారు.

ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఎండ పడి బోర్డు అద్దంలా మెరుస్తోంది. ఒక్క అక్షరమూ కళ్లకు ఆనలేదు.

"ఇక్కడ కూర్చునేది ఎవరు?"

"మీరు టీసీ ఇచ్చి పంపించేయమన్న పిల్లే," అంది పక్కనున్న సైన్స్ టీచర్. "బోర్డు కనపడదని రోజూ నాటకాలాడుతోందన్నారుగా."

"ఇప్పుడెక్కడ చదువుతోంది?"

"చదువా? సంచులు కుట్టే పనికి పోతోంది."

హెడ్మిస్ట్రెస్ చేయి ఊపింది. "కనపడకపోతే ముందుకొచ్చి కూర్చోండి మాస్టారూ."

ఆ ఒక్క మాట ఏడాది పొడుగునా ఆయన నోట రాలేదు.