నీలం టబ్బులో మేత

"మూత తియ్యొద్దమ్మా!" అని చంద్రమోహన్ అరిచేలోపే హనుమక్క నీలం టబ్బు మూత ఎత్తేసింది.

మరుక్షణం మూత ఒక పక్క, ఆమె ఒక పక్క. కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. టబ్బు నిండా పురుగులు! కుళ్ళిన టమేటాల్లో, హోటల్ నుంచి తెచ్చిన పాచి అన్నంలో లుకలుకమంటూ ఒకదాని మీద ఒకటి పాకుతున్నాయి. పైగా ఆ కంపొకటి.

"థూ! ఇంట్లో పురుగుల్ని సాకుతాండావా రా?"

"నల్ల ఈగల పురుగులమ్మా. ఎండబెట్టి పొడి చేసి ఏస్తే చేపలు బలంగా పెరుగుతాయి. అంగడి మేత కొనాలంటే మనతో అయితాదా? ఇవైతే పారేసే కూటితోనే బతుకుతాయి."

బోరు సన్నగిల్లి శెనక్కాయ చేను మాడిపోయాక, కొడుకు పెరట్లో చేపల తొట్టి కట్టాడు. ఆ నీళ్ళే పాలకూర మడులకు తిరిగి, మళ్ళీ తొట్టిలోకి వచ్చేవి. హనుమక్క ఎంత మురిసిపోయిందో! రెండు పూటలా ఆ పాలకూర పప్పే తినింది. ఇప్పుడు ఆ పప్పంతా గొంతులోకి వస్తోంది.

"అంటే పురుగును చేప తినె, చేప పెంటను పాలకూర తినె, ఆ పాలకూరను నేను తింటి! ఛీ ఛీ!"

"చెరువులో చేపలు మాత్రం ఏం తింటాండాయమ్మా?"

"చెరువు సంగతి నాకొద్దు. పురుగన్నాక పురుగే!"

తిట్టుకుంటూనే పొయ్యి దగ్గరికి పోయింది. ఈ రోత వదలాలంటే నోటికి ఇష్టమైనదేదో పడాలి. నిన్న సాయంత్రం తొలకరి జల్లు వెలిసీ వెలవకముందే చేనిగట్టుకు పరుగెత్తి, ఒడి నింపుకుని వచ్చింది. ఏడాదంతా ఎదురుచూసే సరుకు మరి. చాటలో చెరిగితే తేలికైనదంతా గాలికి ఎగిరిపోయింది. మిగిలినది బాణలిలో పోసి, ఉప్పూ కారం చల్లి, బొరుగులు పక్కన పెట్టుకుంది. ఇల్లంతా కమ్మటి వాసన.

చంద్రమోహన్ వెనకే వచ్చి నిలబడ్డాడు.

"మేత లేకుంటే చేపలు చస్తాయి. చేపలు పోతే మడులూ పోతాయి. మళ్ళా నేను బెంగళూరుకు కూలికి పోవాల్సిందే."

గరిటె ఆగింది. పోయినేడు కొడుకు మూట నెత్తిన పెట్టుకుని బస్సెక్కితే ఆమె ఎంత ఏడ్చిందో ఆమెకే తెలుసు. కానీ కళ్ళ ముందు ఆ లుకలుక కదిలింది, గరిటె విసురుగా తిప్పింది.

"ఇంకేమన్నా మేత చూసుకో. పురుగుండే ఇంట్లో నేనుండను."

"ఏ పురుగైనా సరేనా?"

"ఏదైనా సరే! ఇంట్లో పురుగనేది ఉంటే కణేకల్లులో మీ అక్క దగ్గరికి పోతా. నీ మీదొట్టు!"

చంద్రమోహన్ గుడ్డతో బాణలి చెవులు పట్టుకుని పొయ్యి మీద నుంచి దించాడు.

"యాడికి రా అది?"

"పారబోసొస్తా. ఫస్టు ఇది, ఆమేలు టబ్బు."

హనుమక్క గబుక్కున గరిటె అడ్డం పెట్టింది. కొడుకు ముఖం వంకా, బాణలి వంకా మార్చి మార్చి చూసింది. కోపం ఎటు పోయిందో, గొంతు మెత్తబడింది.

"ఉండనీలే రా ఆ టబ్బు. మూత మాత్రం గట్టిగా బిగించు."

తొలకరికి పుట్టలోంచి లేచిన రెక్కల పురుగులు, ఆ ఉసిళ్ళు, బాణలిలో దోరగా వేగాయి.