సీట్లో రాయి

"ఆపండీ! ఎవరైనా ఆపండీ!"

వారం క్రితం సెకండ్ హ్యాండులో కొన్న ఆటోమేటిక్ ట్రాక్టరు, డ్రైవరు లేకుండానే వాలు దిగి షెడ్డు మీదికి వెళ్తోంది. లోపల నలుగురు ఆడవాళ్లు గోడకి వీపు ఆనించి బంగాళాదుంపలు ఏరుతున్నారు. వాళ్లలో ఒకామె డ్రైవరు భార్య.

డ్రైవరు టీ గ్లాసు విసిరేసి పరుగు లంకించుకున్నాడు. మతి పోతోంది. పెడల్ మీంచి కాలు తీయగానే వాలులో సైతం బుద్ధిగా నిలబడ్డ బండి, దానంతటది ఎలా బయల్దేరింది?

బండి అతనికి అందలేదు. గేటు దగ్గరున్న గడ్డం ముసలాయనకి అందింది.

పొద్దుటి నుంచీ 'డ్రైవరుతో ఓ మాట చెప్పాలి' అంటూ నిలబడ్డాడాయన. తన ఉద్యోగానికి ఎసరు పెట్టడానికే వచ్చాడనుకుని, తీరిక లేదని చెప్పించాడు డ్రైవరు.

ఆయన మెట్టెక్కి ట్రాక్టరు క్యాబిన్‌లోకి దూరాడు. గోడకి జానెడు దూరంలో బండి ఆగింది.

దిగుతున్న ఆయన చేతిలో ఇంత రాయి!

"వీడే! వీడే కదిలించాడు!" అరిచారు పరుగెత్తుకొచ్చిన కూలీలు.

"రాయి తెచ్చుకున్నాడు చూడు, ఎవడి నెత్తి పగలగొడదామనో!"

"ఇది సీట్లో ఉందమ్మా" అన్నాడాయన, కేకలు విని వచ్చిన యజమానురాలితో. "బండి ఆగడం వేరు, లాక్ పడటం వేరు. హ్యాండిల్‌కి నీళ్ల సీసా తగిలించారు. ఆ బరువుకి హ్యాండిల్ ముందుకి వాలి గేరు పడింది. సీటు ఖాళీగా ఉంటే బండి కదలదు. రాయి ఉంది కదా, మనిషే అనుకుంది."

"రాయి ట్రాక్టరు నడిపిందా? ఎవరి చెవిలో పువ్వులు పెడతావయ్యా?"

ముసలాయన డ్రైవరు వంక చూశాడు. డ్రైవరు నేల చూపులు చూశాడు.

"పార్క్ లాక్ వేసి, తాళం జేబులో వేసుకున్నాకే దిగు నాయనా" అన్నాడాయన.

గేటు బయటికి తోసేశారు. ఆయన వచ్చిన బస్సెక్కి వెళ్లిపోయాడు.

యజమానురాలికి మనసొప్పలేదు. బండి అమ్మినాయనకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"నెరిసిన గడ్డమా? మా పాత డ్రైవరండీ. ఎవరికి అమ్మానని నిన్ననే అడిగి వెళ్లాడు."

"ఎందుకు?"

"సీట్లోంచి లేస్తే ఆ బండి కూత పెడుతుంది. ఆ గోల పడలేక సీట్లో ఇసుక మూట పెట్టి దిగేవాడు. ఓ రోజు బండి దానంతటదే కదిలింది. ఎదురుగా అతని భార్య ఉంది... దక్కలేదండీ."

డ్రైవరు భార్య మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, ఆ కూత నాలుగు రోజులుగా వినబడట్లేదేం?"

డ్రైవరు రోడ్డు వైపు చూశాడు. బస్సు దుమ్ము కూడా లేదు.

"నేనే" అన్నాడు. "రాయి పెట్టింది నేనే."