పైవాటా ముసలావిడ

చదువు కోసం పరాయి దేశం వచ్చాక ఆదివారం కేకు చేసుకోవడమే నాకున్న సరదా. నాతో గదిలో ఉండే సీనియర్‌ని అక్కా అనేదాన్ని. తొలి ముక్క ఎప్పుడూ ఆమెదే.

ఒకరోజు ఇంటి యజమాని వచ్చి ఓవెన్ పట్టుకుపోయాడు. ఎవరికో ఆ వాసన పడట్లేదట.

"పైవాటా ముసలావిడే అయ్యుంటుంది. నువ్వు ఆవిడ జోలికెళ్లకు" అంది అక్క, నా కళ్లు తుడుస్తూ.

మనసొప్పక, క్షమాపణ చెబుదామని వెళ్లాను.

"నేనా?" ఆవిడ తెల్లబోయింది. "ఆ వాసన కోసమే కిటికీ తీసి కూర్చునేదాన్ని. నన్నూ ఫిర్యాదు చెయ్యమని నీతో ఉండే అమ్మాయే వచ్చింది. నేను చెయ్యనన్నాను."

కిందికి వచ్చేసరికి అక్క టీ పెట్టి ఉంచింది. "ఇంకా ఏడుస్తున్నావా, పిచ్చిదానా?"

"ఒక్క మాట నాతో అంటే మానేసేదాన్నిగా అక్కా" అన్నాను.

ఆమె తల దించుకోలేదు. "నీకెవరు చెప్పారు?" అంది.