నలుగురిలో కలిసిపోయి

“మళ్ళీ అడుగుతున్నాను. ఎవరు ఎవరికి డబ్బు పంపారో నీక్కూడా కనపడదు కదా?” అందామె.

భర్త నవ్వాడు. “రాసినదానివి నువ్వు. నన్నడుగుతావేంటి? అందరివీ ఒకే మూటలో పడ్డాక ఇంకేముంది, గుంపులో గోవిందా!”

నిజమే. కలిపే భాగం రాసింది ఆమే. వాళ్ళిద్దరూ కలిసి నడిపే క్రిప్టో, అంటే డిజిటల్ డబ్బు, నెట్‌వర్క్‌లో ఏ చెల్లింపూ విడిగా పోదు. వందమంది పంపినవి చేరేదాకా ఆగుతుంది. ఆమె రాసిన కోడ్ అన్నిటినీ కలియబెట్టి ఒకే మూటగా పంపుతుంది. ఒక్కోదాన్నీ విడివిడిగా నమోదు చేసే భారం తగ్గి, వేగం పెరుగుతుంది. పైగా అందులో ఏది ఎవరిదో పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. జనాన్ని చేర్చే పని భర్తది. అందులో అతనికి సాటిలేదు. మూట నిండని రోజంటూ లేదు.

“చూడు, ఇవాళ కూడా కిటకిటలాడుతోంది,” అని తెర చూపించి, తన గదిలోకి వెళ్ళిపోయాడు.

అతను ఆమె ఫోను చూస్తాడు. బ్యాంకు ఖాతా చూస్తాడు. బజారు నుంచి వస్తే సంచీ కూడా చూస్తాడు. ఆ ఇంట్లో లోపలి నుంచి గడియ పెట్టుకోగల చోటు ఆమెకు ఆ మూట ఒక్కటే.

అందులోంచే అక్కకు కొంత కొంత పంపేది. అక్క దాన్ని దాచిపెట్టేది. చెల్లెలూ, ఆమె పాపా ఈ ఇల్లు వదిలి వెళ్ళి ఉండటానికి ఒక గది కూడా చూసిపెట్టింది.

పంపిన ప్రతిసారీ తనతోపాటు ఆ మూటలో ఉన్నవాళ్ళను ఊహించుకునేది ఆమె. ఎవరో తల్లి మందులకు పంపుతుంటారు. ఇంకెవరో ఇంట్లో చెప్పుకోలేని స్నేహితుడికి. మొహం తెలియని ఆ మనుషుల మధ్య నిలబడితే భయం తగ్గేది. పెళ్ళయ్యాక అంతమంది తోడు ఆమెకెప్పుడూ లేదు.

ఆ మర్నాడు అక్క ఫోన్ చేసింది.

“మీ ఆయన వచ్చి వెళ్ళాడే. ‘వదినా, మీ చెల్లెలు దాచమన్నది ఇచ్చెయ్యండి’ అన్నాడు. ఎప్పుడెప్పుడు ఎంత పంపావో కూడా తనే చెప్పాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మొత్తం ఇచ్చేశాను.”

“ఆయనకి ఎవరు చెప్పారు?”

“నాకేం తెలుసు?”

“మనిద్దరికే తెలుసక్కా. నేను చెప్పలేదు.”

“అంటే, నేను చెప్పాననా? నా నాలుక తెగిపోనూ! మీ కంప్యూటర్లోనే ఏదో చూసుంటాడు.”

“అందులో కనపడదు. రాసింది నేను.”

అక్క ఏడ్చింది. ఒట్టు పెట్టింది. చిన్నప్పుడు చెల్లెలి వంతు దెబ్బలు కూడా తనే తిన్న మనిషి.

ఆమె వింటూనే, తను రాసిన కోడ్‌ను వరుస వరుసగా మనసులో తిరగేసింది. ఎక్కడా కంత లేదు. యంత్రానికి అబద్ధమాడాల్సిన అవసరం ఏముంది? అవసరాలన్నీ మనుషులకే. ఎటునుంచి ఆలోచించినా వేలు వెళ్ళి అక్క మీదే ఆగుతోంది.

“తోడబుట్టినదానివని నమ్మాను చూడు, నాకు బుద్ధి లేదు. ఇంక నాకు ఫోన్ చెయ్యకు.”

అక్క నంబరు తీసేసింది. ఇక ఈ లోకంలో తనకు మిగిలింది ఆ మొహం తెలియని మనుషులే అనిపించింది. చేతిలో మిగిలిన కాస్త డబ్బునూ పాప పేరున తెరిచిన కొత్త ఖాతాకు పంపుతూ, మూటలో వాళ్ళ మధ్యకు వదిలింది.

పక్కగదిలో భర్త, ఒక్కో పేరుతో ఒక్కో ఖాతా తెరిచి, ఆ మూటలో ఆమెది ఒక్కటే విడిగా తేలేలా, మిగతా తొంభైతొమ్మిది చెల్లింపులూ ఎప్పటిలాగే తనే పంపుతున్నాడు.