నడుం పట్టేసింది

"గర్భవతులుంటే చెయ్యెత్తండి," అంది యోగా టీచరు. ఎవరూ ఎత్తలేదు. "అయితే బోర్లా పడుకోండి."

కోడలు మాత్రం కూర్చునే ఉంది.

"నీకేం మాయరోగం?" అంది పక్క మ్యాటు మీది అత్త.

"నడుం పట్టేసిందత్తయ్యా."

కోడలి చెయ్యి పొట్ట మీదుండటం టీచరు చూసింది. అది నలుగురిలో అడిగే ప్రశ్న కాదని అప్పుడు వెలిగింది.

"బోర్లా వద్దు. అందరూ ఎడమపక్కకి తిరిగి పడుకోండి."

అందరూ తిరిగారు. టీచర్ల మాట వినే అలవాటు బళ్లోనే వదిలేసిన అత్త మాత్రం కుడిపక్కకి తిరిగింది. కోడలి తడి కళ్లు, పొట్ట మీది చెయ్యి ఎదురయ్యాయి.

"మావాడికి చెప్పావా?" అంది గొంతు తగ్గించి.

"ఈసారైనా నిలిచాక చెబుదామని..."

అత్త తలెత్తింది.

"టీచరమ్మా, రోజూ ఇలాగే పడుకోబెట్టు. నాకూ నడుం పట్టేసింది."